కోల్‌బెల్ట్‌లో డైనోసార్లు: ఉత్తర తెలంగాణలో ఇన్ని శిలాజాలు ఎందుకు?

క్లుప్తంగా: ఉత్తర తెలంగాణలో డైనోసార్ల ఎముకలు దొరకడం భూగర్భ శాస్త్రవేత్తలకు కొత్త సంగతి కాదు. ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి భూపాలపల్లి మీదుగా ఆగ్నేయానికి సాగే ప్రాణహిత-గోదావరి లోయ దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటి నుంచి కుంగుతూ వచ్చిన నేల. ఆ కుంగుబాటే సింగరేణికి బొగ్గునిచ్చింది. బొగ్గు మీద పేరుకున్న ఎర్రమట్టి పొరలు జంతువుల ఎముకలను దాచాయి. వరంగల్ నగరం కింద ఉన్న గ్రానైట్‌లో మాత్రం అవి దొరికే అవకాశమే లేదు. బొగ్గుకు ఇక్కడ పెద్ద కంపెనీ ఏర్పడింది, ఎముకలకు సొంత ఇల్లు ఏర్పడలేదు. ప్రతి వార్తా మొదటిసారి విన్నట్టు ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

వార్త కొత్తది, సంగతి పాతది

ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీస్తుంటేనో, వాగు ఒడ్డు కోసుకుపోయినప్పుడో, చెల్క దున్నుతుంటేనో ఎముకలాంటి పెద్ద రాయి ఒకటి బయటపడుతుంది. తెల్లారేసరికి ఫొటో ఫోన్లన్నీ తిరుగుతుంది. వెంటనే మూడు ప్రశ్నలు వస్తాయి. కాకతీయుల కోటలు, పత్తి చేలు, బొగ్గు బాయిలు తెలిసిన చోట డైనోసార్లేమిటి? ఇవి నిజంగా డైనోసార్లేనా? నిజమే అయితే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?

మూడో ప్రశ్నకు జవాబు కాస్త ఇబ్బందికరం. చెప్పారు, 19వ శతాబ్దం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఈ లోయలో దొరికిన చేపల శిలాజాల గురించి ఆ శతాబ్దం మధ్యకే లండన్ పత్రికల్లో రాశారు. భారతదేశపు ట్రయాసిక్, జురాసిక్ కాలాల (డైనోసార్ల యుగపు తొలి రెండు భాగాలు) గురించిన ఏ శాస్త్రగ్రంథం తెరిచినా కుందారం, ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, గంగాపూర్ అనే పేర్లు కనబడతాయి. ఇవన్నీ ఈ లోయలోని ఊళ్లు. ఆ ఊళ్ల దగ్గర బయటపడ్డ రాతి పొరలకు అవే పేర్లు పెట్టారు. అర్జెంటీనాలో ఈ శాస్త్రం చదివే విద్యార్థికి మలేరి ఎంత పాతదో తెలుసు. వరంగల్‌లో డిగ్రీ చదివే విద్యార్థికి మలేరి అనే ఊరుందని తెలియకపోవచ్చు.

మహారాష్ట్ర వైపున్న కోట తప్ప ఇవి పాత పుస్తకాల్లో ‘ఆదిలాబాద్ జిల్లా’ కిందే ఉంటాయి. 2016లో జిల్లాలు విడిపోయాక అవి మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోకి వచ్చాయి. పాత రాతలకూ కొత్త మ్యాపుకూ పొంతన కుదరక తికమకపడడానికి ఇదొక చిన్న కారణం.

ఓరుగల్లు రాయి వేరు

ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. వరంగల్ కోటలోని ఏకశిల గుట్ట, హనుమకొండ పద్మాక్షి గుట్ట, ఊరి చుట్టూ పొలాల్లో కనిపించే గుండ్లు అన్నీ గ్రానైట్ జాతివి. భూమి లోతుల్లో కరిగి ఉన్న పదార్థం చల్లబడి గట్టిపడితే వచ్చిన రాయి ఇది. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎముకలున్న జంతువులు భూమ్మీద కనిపించి 50 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే. అంటే ఆ రాయి పుట్టేనాటికి ఎముక అనేదే లేదు. ఉన్నా, కరిగిన రాతిలో ఏదీ మిగలదు. కాబట్టి కాజీపేటలోనో హనుమకొండలోనో పునాది తవ్వుతుంటే గ్రానైట్‌లో డైనోసార్ దొరికిందని ఎవరైనా చెబితే ఫొటో చూడాల్సిన పని కూడా లేదు.

హనుమకొండ నుంచి పరకాల, రేగొండ, భూపాలపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ఉంది. రాళ్ల లెక్కలో అది వందల కోట్ల ఏళ్ల ప్రయాణం. మొదట గ్రానైట్ గుండ్లు. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో పొరలు పొరలుగా ఇసుకరాయి కనబడుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇసుకరాయి కదా, అందులో ఎముకలు ఉండొచ్చు కదా అనిపిస్తుంది. ఉండవు. ఆ ఇసుకరాయి కూడా ఎముకలున్న జంతువులు పుట్టకముందుదే. అక్కడి గుహల్లోని రంగుబొమ్మలు మనుషులు వేసినవి, రాయి వయసుతో పోలిస్తే నిన్నటివి. అసలు మార్పు ఆ తర్వాత వస్తుంది. భూపాలపల్లి చేరేసరికి బొగ్గు గనులు మొదలవుతాయి. శిలాజాల కథ కూడా ఆ పట్టీలోనిదే.

నులక మంచంలా కుంగిన నేల

దక్షిణ భారతం కింద చాలా పాతవైన రెండు పెద్ద రాతి పలకలు పక్కపక్కన ఉన్నాయి. నైరుతి వైపుది ధార్వాడ్ పలక, ఈశాన్యం వైపుది బస్తర్ పలక. వీటి అతుకు వెంబడి నేల వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవుగా పగిలి కుంగింది. నులక మంచం మధ్యలో బరువు వేస్తే కుంగుతుంది, కుంగిన చోటికే మిగతా సామాను జారుతుంది. ఇక్కడా అదే జరిగింది. పల్లం ఏర్పడగానే నదులు అటు తిరిగాయి, ఇసుక, మట్టి తెచ్చి పోశాయి. ఆ బరువుకు నేల ఇంకాస్త కుంగింది, మళ్లీ చోటు ఏర్పడింది. కోట్ల ఏళ్ల పాటు ఇలా సాగి కిలోమీటర్ల మందం పొరలు పేరుకున్నాయి. ఇవాళ కాళేశ్వరం దాటాక గోదావరి ఆగ్నేయానికి తిరిగి భద్రాచలం వైపు పోయేది కూడా ఈ పాత పల్లం వెంబడే.

శిలాజానికి కావలసిన మొదటి షరతు ఇదే. జంతువు ఎక్కడైనా చస్తుంది. ఎత్తైన నేల మీద చస్తే నక్కలు, గద్దలు, ఎండ, వాన కలిసి కొన్నేళ్లలో ఎముకను పొడి చేస్తాయి. పల్లంలో చస్తే వచ్చే వరద మట్టి కప్పుతుంది, ఆ పై వరద ఇంకో పొర వేస్తుంది. గాలి తగలని చోట, నీటిలో కరిగిన ఖనిజాలు ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి చేరి క్రమంగా రాయిగా మారుస్తాయి. కాబట్టి శిలాజాలు ఎక్కువ దొరికే చోట జంతువులు ఎక్కువ బతికాయనుకోవడం పొరపాటు. అక్కడ పూడ్చిపెట్టే ఏర్పాటు బాగా ఉందని అర్థం.

మరి ఇన్నేళ్లుగా తవ్వుతున్న బొగ్గులోనే డైనోసార్లు ఎందుకు రావు? దీనికి రెండు జవాబులున్నాయి. సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలానిది, దాదాపు 28 కోట్ల ఏళ్ల నాటిది. డైనోసార్లు పుట్టడానికి అప్పటికి ఇంకా నాలుగైదు కోట్ల ఏళ్లుంది. రెండోది రసాయనం. బొగ్గు ఏర్పడిన చిత్తడి నేలల్లో ఆకులు, మొద్దులు కుళ్లి నీరు ఆమ్లంగా మారుతుంది. ఆ నీటిలో మొక్కల ఆనవాళ్లు బాగా నిలుస్తాయి కానీ ఎముక కరిగిపోతుంది. బొగ్గుతోపాటు వచ్చే పలకరాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు కనిపించడం, ఎముకలు కనిపించకపోవడం అందుకే. బొగ్గు పొరల మీదికి వచ్చేసరికి వాతావరణం మారింది. కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు ఎండగా ఉండే మైదానాలు వచ్చాయి. మట్టిలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది, సున్నం గడ్డకట్టింది. ఎముకలు నిలిచేందుకు ఇలాంటి నేల అనుకూలం.

ఇక్కడ పొరలను మొదట వరసగా చూసినవాళ్లు బొగ్గు కోసం వచ్చినవాళ్లే. ఇల్లెందు దగ్గర 1871లో బొగ్గును గుర్తించిన విలియం కింగ్ జియలాజికల్ సర్వే అధికారి. పదేళ్ల తర్వాత, 1881లో, ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భం మీద సమగ్ర నివేదిక రాసింది కూడా ఆయనే.

పొరకో లోకం

ఈ లోయ ప్రత్యేకత ఒక్క పెద్ద డైనోసార్ దొరకడంలో లేదు. ఇక్కడి పొరలను కింది నుంచి పైకి చదివితే పది కోట్ల ఏళ్ల జంతు చరిత్ర వరసగా కనిపిస్తుంది. ఇలా వరస దొరికే చోట్లు దేశంలో అరుదు.

అట్టడుగున కుందారం పొర ఉంది. దాదాపు 25, 26 కోట్ల ఏళ్ల నాటిది. ఇక్కడివి డైసైనోడాంట్లు: తాబేలు ముక్కులాంటి మూతి, కొన్నిటికి రెండు కోరలు, పొట్టి కాళ్లు, మొక్కలు తినే జీవులు. వీటిలో ఎండోథియోడాన్ జాతికి చెందిన ఒకదానికి భారత గణాంక సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ పేరు పెట్టారు. చూడ్డానికి సరీసృపాల్లా ఉన్నా ఇవి బల్లుల కంటే మనకే దగ్గరి చుట్టాలు, క్షీరదాల వంశవృక్షంలో పక్క కొమ్మ.

కుందారం తర్వాత భూమ్మీద అతి పెద్ద వినాశనం జరిగింది, 25.2 కోట్ల ఏళ్ల కిందట. దాన్ని దాటి మిగిలినవాటి వారసులు పైనున్న ఎర్రపల్లి పొరలో కనిపిస్తారు. వాడియాసారస్ అనే డైసైనోడాంట్ అక్కడిదే. ఒకే చోట గుంపుగా దొరికింది. ఎర్రపల్లి జంతువుల్లో ఇప్పుడు ఎక్కువ చర్చకు వస్తున్నది యరాసుకస్. ఆ పేరులోని ‘యర’ ఎర్రమట్టిని గుర్తుచేసేదే. 2005లో దాన్ని వర్ణించినప్పుడు మొసళ్ల వైపు జంతువు అనుకున్నారు. టాంజానియాలో దొరికిన టెలియోక్రేటర్ అనే జంతువుతో 2017లో పోల్చి చూశాక, అది డైనోసార్లు, పక్షులు పుట్టిన కొమ్మ మొదట్లోదని తేలింది. నాలుగు కాళ్ల మీద నడిచే, మొసలి మడమలున్న జంతువు పక్షుల వైపు చుట్టం కావడం శాస్త్రవేత్తలకే ఆశ్చర్యం.

ఆ పైన మలేరి, దాదాపు 23 నుంచి 21 కోట్ల ఏళ్ల మధ్యది. ఈ లోయలో అన్నిటికంటే జీవకళ ఉన్న పొర ఇదేనని చెప్పవచ్చు. వాగుల్లో మెటోపోసార్‌లు ఉండేవి, చదునైన పెద్ద తలతో, కప్పలకు దూరపు చుట్టాలు. ఊపిరితిత్తులున్న చేపలూ ఉండేవి, వాటి పళ్ల పలకలు ఎర్రమట్టిలో దొరుకుతాయి. ఒడ్డున పారాసుకస్ కాపు కాసేది. మూతి చూస్తే అచ్చం ఘరియల్ మొసలి, కానీ ముక్కు రంధ్రాలు మూతి చివర కాకుండా కళ్లకు దగ్గరగా ఉంటాయి. మొసలి కాదు. వేర్వేరు వంశాల జీవులు ఒకే పని చేస్తూ ఒకే రూపానికి రావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మలేరిలో దొరికిన పూర్తి అస్థిపంజరాలను 1978లో శంకర్ ఛటర్జీ వర్ణించారు. వాటి కడుపు భాగంలో మలేరిసారస్ అనే చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. రాయిగా మారిన భోజనం అన్నమాట.

డైనోసార్లు ఈ లోకంలో అప్పటికి చిన్న పాత్రలే. నెన్నెల దగ్గర దొరికిన చిన్న ఎముకలకు 1987లో వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే వేరే జీవికి ఉండడంతో 1994లో అల్వాకేరియా అని మార్చారు. అందులో కొన్ని ఎముకలు వేరే జంతువులవని తర్వాతి పరిశీలకులు అభిప్రాయపడ్డారు. తాజాగా 2025లో ఇదే పొర పైభాగంలోని ఎముకలకు మలేరిరాప్టర్ కుట్టీ అనే పేరు వచ్చింది. రెండు కాళ్ల మీద నడిచే మాంసాహారి, వయసు సుమారు 22 కోట్ల ఏళ్లు. ఇక్కడ గమనించాల్సింది తేదీ. ఆ ఎముకలు 2025లో తవ్వినవి కావు, 2011 నాటి అధ్యయనంలోనే వాటి ప్రస్తావన ఉంది. దొరకడానికీ పేరు పెట్టడానికీ మధ్య పదేళ్లు, ఇరవై ఏళ్లు గడవడం ఈ శాస్త్రంలో మామూలే. వార్తల్లో ‘తాజాగా దొరికింది’ అని చదివినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఆ పైన ధర్మారం. ఇక్కడికి వచ్చేసరికి డైనోసార్లు పెద్దవవుతాయి. 2007లో పేరు పెట్టిన లాంప్లుగ్‌సారా ధర్మారమెన్సిస్ పొడవు దాదాపు పది మీటర్లు. మొదటి పేరు పమేలా లాంప్లుగ్ రాబిన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తది, రెండో పేరు మన ఊరిది. ఆమె 1957లో మహలనోబిస్ పిలుపు మీద కోల్‌కతాలోని భారత గణాంక సంస్థకు వచ్చి అక్కడ భూగర్భ విభాగానికి పునాది వేశారు. లెక్కల సంస్థకు డైనోసార్లతో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ లోయ గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ సంస్థ నుంచే వచ్చింది.

రెండు మహాకాయాలు, మీసమంత క్షీరదం

అన్నిటికంటే పేరున్నది కోట పొర. మహారాష్ట్రలోని సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే ఊరి పేరు అది. జురాసిక్ కాలానిది. తొలి భాగమా, మధ్య భాగమా అన్న చర్చ ఉంది కాబట్టి 18, 16 కోట్ల ఏళ్ల మధ్య అనుకోవచ్చు.

ఇక్కడ రెండు పెద్ద శాకాహార డైనోసార్లు దొరికాయి. మొదటిది బరాపాసారస్ టాగోరీ. పోచంపల్లి అనే ఊరి దగ్గర 1958లో తొలి ఎముకలు, 1960, 61లలో మిగతావి తీశారు. పట్టుచీరల పోచంపల్లికీ దీనికీ సంబంధం లేదు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్ల పొడవు, అంటే మనిషెత్తు. బెంగాలీలో ‘బరా పా’ అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం కాబట్టి రెండో పేరు టాగోరీ అయింది. శాస్త్రీయ వర్ణన 1975లో వచ్చింది. రెండోది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే బృందాలు తవ్వి తీశాయి, 1988లో పి.యాదగిరి పేరు పెట్టారు. పొడవు సుమారు తొమ్మిది మీటర్లు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం దీనిదే. స్కూల్ టూర్‌లో దాని కింద నిలబడి ఫొటో దిగినవాళ్లు వేలల్లో ఉంటారు. అది మంచిర్యాల వైపు నేలదని గమనించినవాళ్లు తక్కువ.

రెండు చోట్లా ఎముకలు కుప్పగానే దొరికాయి. బరాపాసారస్ చోట సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. కోటాసారస్ చోట దాదాపు 840 ఎముకలు, కనీసం పన్నెండు జంతువులవి. గుంపుగా ఎందుకు చచ్చాయి? బరాపాసారస్ ఎముకలతో పాటు రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా ఉన్నాయి. మందను, చెట్లను కలిపి ఊడ్చుకొచ్చిన వరద ఒకటి దీనికి కారణమని పరిశోధకుల అంచనా. గోదావరి వరద చూసినవాళ్లకు ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు.

రెండిటికీ తలలు లేవు, కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. ఎవరో ఎత్తుకుపోయారని అనుమానించనక్కర్లేదు. ఈ జాతి డైనోసార్ల పుర్రె శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, పలచటి ఎముకలతో అతికినది, మెడ చివర బలహీనంగా తగులుకుని ఉంటుంది. శవం నీటిలో దొర్లితే ముందు ఊడి కొట్టుకుపోయేది అదే. ప్రపంచంలో చాలా చోట్ల ఇదే పరిస్థితి.

పెద్దవాటి పక్కనే చిన్నవి కూడా ఉన్నాయి, శాస్త్రపరంగా చూస్తే విలువలో తక్కువేమీ కావు. రెబ్బెన మండలంలోని పైకాసిగూడెం దగ్గర బంకమట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నజల్లెడలో కడిగి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద ఏరితే మిల్లీమీటర్ల సైజు పళ్లు దొరికాయి. డైనోసార్ల కాళ్ల సందుల్లో తిరిగిన ఎలుకంతటి తొలి క్షీరదాలవి. కోట పొరలోని ఇలాంటి క్షీరదాల్లో ఒకటైన కోటాథీరియం హాల్డేనీకి జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ పేరు పెట్టారు. 2002లో వర్ణించిన భారతాగమా రెబ్బనెన్సిస్ అనే బల్లిలాంటి చిన్న జీవి దవడలు కూడా ఈ మట్టిలోవే. పెద్ద ఎముకకు వచ్చిన పేరు వీటికి రాలేదు గానీ, కోట పొర మీద అంతర్జాతీయ చర్చలో వీటికి దక్కిన చోటు పెద్దదే.

స్కాట్లండ్‌లో మలేరి చుట్టం

మలేరి పొరలో హైపరోడాపిడాన్ అనే జంతువు విరివిగా దొరుకుతుంది. పందిలాంటి గుండ్రటి ఒళ్లు, చిలక ముక్కులాంటి మూతి, పై దవడలో వరసలు వరసలుగా పళ్లు. దీనికి మొదట పేరు పెట్టింది 1859లో థామస్ హక్స్‌లీ, స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాళ్లలో దొరికిన ఎముకలను చూసి. తర్వాత మలేరిలో దొరికినవీ ఆ జాతివేనని ఆయనే గుర్తించారు. బ్రెజిల్, అర్జెంటీనా, టాంజానియాల్లోనూ దాని బంధువులున్నాయి.

ఈత రాని లావు జంతువు ఇన్ని సముద్రాలు ఎలా దాటింది? దాటలేదు. అప్పుడు భూభాగాలన్నీ కలిసి పాంజియా అనే ఒకే ముక్కగా ఉండేవి. మలేరి నుంచి బ్రెజిల్ దాకా నేల మీదే దారి ఉండేది. మలేరిరాప్టర్‌కు అంత చర్చ జరగడానికి కారణం కూడా ఇదే. హెరెరాసార్ అనే ఆ తొలి మాంసాహార డైనోసార్లు ప్రధానంగా అర్జెంటీనా, బ్రెజిల్, ఉత్తర అమెరికాల్లో తెలుసు. హైపరోడాపిడాన్ లాంటివి అంతరించాక కూడా దక్షిణ ఖండాల్లో అవి మిగిలాయని చెప్పే సాక్ష్యం ఈ ఎర్రమట్టిలో దొరికింది.

అర్జెంటీనాతో పోలిక ఇంకో సంగతి చెబుతుంది. అక్కడి ఇస్చిగువాలాస్తో లోయ మలేరికి దాదాపు సమకాలికం. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అది ఎడారి, చెట్టూ చేనూ అడ్డురావు, పొరలన్నీ కళ్లముందే. మన లోయలో అదే ఎర్రమట్టి మీద పత్తి, వరి, టేకు అడవి, ఇళ్లు ఉన్నాయి. నాగలి తగిలిన ప్రతిసారీ మెత్తబడ్డ ఎముక ముక్కలవుతుంది. ఇక్కడ తక్కువ దొరకడానికి కారణం నేలలో తక్కువ ఉండడం కాదు, కనబడే చోటు తక్కువ కావడం. వానలు కొత్త ఒర్రెలు కోస్తాయి, చలికాలంలో పరిశోధకులు వచ్చి ఆ ఒర్రెల వెంట నడుస్తారు. యంత్రాలు ఎన్ని వచ్చినా వెతికే పద్ధతిలో పెద్ద మార్పు లేదు.

గుజరాత్‌లోని బాలాసినోర్‌తోనూ పోలుస్తుంటారు. అక్కడి డైనోసార్లు, గుడ్లు, అలాగే జబల్‌పూర్‌లో దొరికినవి, డైనోసార్ల యుగం చివరివి, ఏడు కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. మన లోయవి వాటికంటే రెండు, మూడు రెట్లు పాతవి. గుజరాత్‌లో కథ ముగింపు ఉంటే ఇక్కడ ఆరంభం ఉంది.

వార్తల్లో వచ్చే తికమకలు

మొదటిది సున్నాల తేడా. ఇంగ్లీషులో ఒక మిలియన్ పది లక్షలు. 160 మిలియన్లంటే 16 కోట్లు. అనువాదంలో ఒక్క సున్నా జారితే డైనోసార్ 160 కోట్ల ఏళ్ల నాటిదవుతుంది, అప్పటికి భూమ్మీద కంటికి ఆనే జంతువే లేదు. పైన చెప్పిన పొరల జంతువులకు సంబంధించి 15 నుంచి 26 కోట్ల బయట అంకె కనబడితే ఒకసారి ఆగి చూడడం మంచిది.

రెండోది మాట. రాక్షస బల్లి అనే తెలుగు మాట స్థిరపడింది గానీ డైనోసార్లు బల్లులు కావు. పాత ఎముక ప్రతిదీ డైనోసార్‌దీ కాదు. పారాసుకస్, హైపరోడాపిడాన్, డైసైనోడాంట్లు మూడూ డైనోసార్లు కావు. రామగుండం వైపు ఓపెన్‌కాస్ట్‌లో స్టెగొడాన్ ఎముకలు దొరికాయన్న వార్తలు కూడా ఈ గంపలోనే పడ్డాయి. స్టెగొడాన్ ఏనుగుల బంధువు, డైనోసార్లు అంతరించి కోట్ల ఏళ్లు గడిచాక వచ్చిన క్షీరదం. 28 కోట్ల ఏళ్ల బొగ్గు గనిలో అదెలా వచ్చిందంటే, బొగ్గులోంచి కాదు. బొగ్గును కప్పి ఉన్న పైమట్టిలో, పాత నది వేసిన ఇసుక, గులకరాళ్ల పొరల్లో అలాంటివి ఉంటాయి. గనివాళ్లు ఓబీ అనే ఆ మట్టిని తీసి కుప్ప పోసేటప్పుడు బయటపడతాయి.

రాక్షస గుళ్లతో కూడా గందరగోళం ఉంది. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో దామరవాయి దగ్గర పెద్ద బండలతో కట్టిన సమాధులున్నాయి. రాక్షసులు కట్టారని జనం ఆ పేరు పెట్టారు. అవి ఇనుప యుగపు మనుషులవి, వయసు వేల ఏళ్లలో చెప్పాలి, కోట్లలో కాదు. రాక్షస గుడి పక్కన రాక్షస బల్లి ఎముక దొరికిందని ఎవరో రెండిటినీ కలిపేస్తే ఆ కథ ఆగదు.

ఇక గుడ్లు. ఇసుకరాతిలోనో సున్నపురాతిలోనో గుండ్రటి గడ్డలు సహజంగా ఏర్పడతాయి. పగలగొడితే లోపల పొరలు కనిపిస్తాయి, పెంకు ఉండదు. డైనోసార్ గుడ్డు అనుకునేవాటిలో చాలావరకు ఇవే. ఎముకకైతే లోపల తేనెపట్టులాంటి సన్నని రంధ్రాలుంటాయి. ఫీల్డులో పనిచేసేవాళ్లు కొందరు నాలుక తగిలించి చూస్తారు, రంధ్రాలున్న ఎముక నాలుకకు అతుక్కుంటుంది. పద్ధతి వినడానికి బాగోదు గానీ పనిచేస్తుంది.

బొగ్గుకు కంపెనీ, ఎముకకు పెట్టె

1886లో ఇల్లెందు బొగ్గు హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి వచ్చాయి, 1920లో అది సింగరేణి కాలరీస్‌గా మారింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి ఆ బొగ్గు చుట్టూ పెరిగిన ఊళ్లు. ఒకే పగులు రెండు సంపదలనిచ్చింది. ఒకదాని చుట్టూ పట్టణాలు, రైళ్లు, యూనియన్లు వచ్చాయి. రెండోది పెట్టెల్లోకెక్కి కోల్‌కతాకూ హైదరాబాద్‌కూ పోయింది. బరాపాసారస్ ఇవాళ కోల్‌కతాలో నిలబడి ఉంది. తవ్వినవాళ్లను తప్పుపట్టడానికి వీల్లేదు. 1960లో మెత్తటి ఎముకలను గట్టిపరిచి, అతికించి కాపాడే ఏర్పాటు ఈ లోయలో లేదు. వాళ్లు తీసుకుపోకపోతే అవి ఎండకు పొడయ్యేవి. కానీ ఫలితం మాత్రం ఇది: ఊరి పేరు జంతువుకు ఉంది, జంతువు ఊళ్లో లేదు. పక్కవాడి చేతిలో చూసి నేర్చుకునే అవకాశం లేకపోయాక ప్రతి తరానికీ ఇది కొత్త వార్తే.

చట్టం సంగతి కూడా తేలలేదు. భూవారసత్వ స్థలాలు, శిలాజాల లాంటి వాటి రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. శిలాజాలున్న స్థలాన్ని ప్రకటించే అధికారం, సేకరణ మీద నియంత్రణ అందులో ముఖ్యాంశాలు. అధికారం మొత్తం ఒకే సంస్థ చేతికి పోతుందని కొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఈ లోయకు సంబంధించి ఇంకో చిక్కుంది. శిలాజాలున్న నేలలో చాలా భాగం రైతుల పట్టా భూమి, మిగతాది అడవి, గని లీజు. స్థలాన్ని ప్రకటిస్తే తమ సాగు ఆగిపోతుందేమోనన్న టెన్షన్ రైతుకు ఉంటే, ఎముక కనబడినా చెప్పకుండా పూడ్చేయడమే అతనికి సులువు. రక్షణ పేరుతో పెట్టే ఏ నిబంధన అయినా ముందు దీనికి జవాబు చెప్పాలి.

నది ఒడ్డు కోత కొత్త ఎముకలను బయటపెడుతుంది, బ్యారేజీల వెనుక నిలిచే నీరు అదే ఒడ్డును ముంచుతుంది. గనులు విస్తరిస్తే మనిషి ఎప్పుడూ చూడని పొరలు తెరుచుకుంటాయి, కానీ డంపర్ వేగానికి వాటిని చూసే తీరిక ఎవరికీ ఉండదు. మట్టి తీసేచోట వారానికోసారి భూగర్భ శాస్త్రం తెలిసిన మనిషి నడిచి చూస్తే చాలావరకు సరిపోతుంది, దానికయ్యే ఖర్చు గని లెక్కల్లో కనిపించేంత కూడా కాదు.

ఎముక దొరికినప్పుడు జనం ఉత్సాహం కొద్దీ చేసే పని ఒకటుంది. దాన్ని పెకలించి, కడిగి, పంచాయతీ ఆఫీసులోనో గుడి దగ్గరో పెడతారు. అప్పటికే సగం సమాచారం పోయినట్టు. ఏ పొరలో ఉంది, ఏ దిక్కుకు పడి ఉంది, పక్కన ఏముంది అన్నవే దాని వయసును, చావును చెప్పేవి. బరాపాసారస్ పక్కన మొద్దులు ఉన్నాయి కాబట్టే వరద సంగతి తెలిసింది. ఎముకలను మాత్రమే ఏరుకొచ్చి ఉంటే అవి ఆరు జంతువులవని లెక్క తేలేది గానీ, ఎలా చచ్చాయో చెప్పేది ఏదీ మిగిలేది కాదు. కదిలించకుండా, పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికి తెలియజేస్తే, ఆ ఎముక చెప్పాల్సింది దానితోనే ఉంటుంది.